అక్వేరియంలో ఈక ఆకుల మొక్కలు

నిలువు కాడ మీద కణుపు కణుపుకీ సన్నని పోగులుగా చీలిన, లేదా పోగుల్లా సన్నగా ఉన్న ఆకులతో, నీటిలో మునిగి పెరిగే మంచినీటి మొక్కలను అక్వేరియం పెంపకందార్లు ఈక ఆకుల మొక్కలు అంటారు. కబొంబ, అంబులియా, మిరియోఫిల్లం, హార్న్‌వర్ట్, వాటర్ విస్టీరియా, రొటాలా వాలిచీ వీటిలో ముఖ్యమైనవి. అంగళ్ళలో చవకగా కట్టలుగా దొరుకుతాయి. త్వరగా పెరుగుతాయి. చేపపిల్లలకు దాపు ఇస్తాయి, గుడ్లు పడడానికి చోటు చూపిస్తాయి, చేపల విసర్జనతో నీటిలో చేరే అమ్మోనియాను తినేస్తాయి. ఇన్ని మంచి గుణాలున్నా, కొన్న కొద్ది రోజులకే ఆకులన్నీ రాల్చి మొండి కాడలుగా మిగిలేవీ ఎక్కువగా ఇవే. ఈ బలానికీ ఆ బలహీనతకీ కారణం ఒకటే, ఆకు ఆకారం. ఆకు అలా ఎందుకు చీలిందో తెలిసిన మనిషికి వీటి పెంపకంలో చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

ఆకు చీలడానికి కారణం

నేల మీది మొక్కకు బొగ్గుపులుసు వాయువు గాలితో పాటు వచ్చి తగులుతూనే ఉంటుంది. నీటిలో అలా కాదు. ఈ వాయువు నీటిలో వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. దానికి తోడు, మునిగి ఉన్న ప్రతి ఆకునూ కదలని పలుచని నీటిపొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆకు తన దగ్గరున్న వాయువును వాడేసుకున్నాక, కొత్త వాయువు ఆ పొరను దాటి రావాలి. వేసవి కాని రోజుల్లో, 25 డిగ్రీల దగ్గర, గాలితో సమతూకంలో ఉన్న నీటిలో లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము బొగ్గుపులుసు వాయువే కరిగి ఉంటుంది. ఇంత కొద్దిపాటి దాన్ని అంత నెమ్మదిగా అందుకుంటూ బతకాలంటే వెడల్పాటి దళసరి ఆకు పనికిరాదు. ఆకు పోగులుగా చీలితే అదే పదార్థానికి ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, చుట్టూ పట్టే నీటిపొర పలచబడుతుంది. చేప మొప్పలు పోగులుగా ఉండడానికి కారణం కూడా ఇదే. ప్రవాహంలో చిరిగిపోకుండా వంగడం, పై నుంచి వచ్చే వెలుగును కింది ఆకులకు కొంతైనా వదలడం అదనపు లాభాలు.

మునిగిన ఆకుకు మైనపు పూత నామమాత్రంగానే ఉంటుంది. పత్రరంధ్రాలు ఉండవు, ఉన్నా పనిచేయవు. నేల మొక్కల్లో లోపలి పొరల్లో ఉండే పత్రహరితం ఇక్కడ పైపొర కణాల్లోనే ఉంటుంది. అందుకే వాయువుతో పాటు కరిగిన ఎరువులనూ ఆకే నేరుగా పీల్చుకోగలదు. అందుకే మందులు, మురికి, నాచు కూడా ఆకునే ముందు దెబ్బతీస్తాయి. బయటకు తీసి కాసేపు గాలికి ఉంచితే చాలు, ఎండిపోతుంది.

ఈ ఆకారం ఒక వంశానికి దక్కిన ఆస్తి కాదు. కబొంబ కలువల వరుసకు చెందింది. మిరియోఫిల్లం హాలోరగేసి అనే వేరే కుటుంబం. అంబులియా మన ఇసబ్‌గోలు మొక్కకు, నీటి బ్రాహ్మికి చుట్టం. వాటర్ విస్టీరియా కనకాంబరం, అడ్డసరం కుటుంబంలోది, చెరువు గట్ల మీద ముళ్ళతో కనిపించే నీటిగొబ్బికి మరీ దగ్గరిది. రొటాలా గోరింట, దానిమ్మల కుటుంబం. హార్న్‌వర్ట్ ఏ వంశంలోనూ సరిగా ఇమడక శాస్త్రవేత్తలను చాలాకాలం తికమక పెట్టింది. 2020లో దాని జన్యుపటం వెలువడ్డాక, ద్విదళబీజాల్లోని పెద్ద శాఖకు పక్కనే దాన్ని నిలిపారు. ఇన్ని వేర్వేరు దారుల్లో వచ్చిన మొక్కలు నీటి కింద ఒకే రూపానికి చేరుకున్నాయంటే, ఆ ఒత్తిడి ఎంత బలమైందో అర్థమవుతుంది.

అయితే కొన్ని మొక్కలు ఆకారంతో ఆగలేదు. హార్న్‌వర్ట్, యూరప్ ఆసియాలకు చెందిన మిరియోఫిల్లం స్పైకేటం లాంటివి నీటిలో బైకార్బొనేటు రూపంలో ఉన్న కార్బన్‌ను కూడా వాడుకోగలవు. కబొంబకు ఆ శక్తి లేదు, కరిగిన వాయువు మీదే ఆధారపడుతుంది. అక్వేరియం పుస్తకాల్లో ఒక వాక్యంతో దాటిపోయే ఈ తేడాయే తెలుగు ప్రాంతపు తొట్లలో ఏ మొక్క నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చేస్తుంది.

రకాలు, వాటిని గుర్తించడం

అంగడిలో పేర్లు కలగాపులగంగా ఉంటాయి. అంబులియాను కబొంబ అనీ, కబొంబను హార్న్‌వర్ట్ అనీ అమ్మడం మామూలే. కణుపు దగ్గర చూస్తే పొరపాటు రాదు. కబొంబకు కణుపుకు రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ప్రతి ఆకుకూ చిన్న తొడిమ ఉండి, ఆ చివర నుంచి పోగులు విసనకర్రలా విచ్చుకుంటాయి. అంబులియాకు ఆకులు కణుపు చుట్టూ వలయంగా వస్తాయి, తొడిమ కనబడదు. మిరియోఫిల్లం కూడా వలయంగానే పెడుతుంది, కానీ ప్రతి ఆకుకూ మధ్యలో ఒక ఈనె, దానికి రెండు వైపులా వెంట్రుకల్లాంటి పోగులు ఉంటాయి. నిజంగా పక్షి ఈకను పోలింది ఇదొక్కటే. హార్న్‌వర్ట్ ఆకుకు ఈనె ఉండదు. ఒకటి రెండు సార్లు చీలి ఆగిపోతుంది, అంచున చిన్న పళ్ళుంటాయి, వేళ్ళతో నిమిరితే గరుకుగా తగులుతుంది. కాడ కింద వేరు కోసం వెతికితే దొరకదు, అసలు ఉండదు.

కబొంబ జాతిని 1775లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఓబ్లే ఫ్రెంచ్ గయానా మొక్కల నుంచి వర్ణించాడు. అక్వేరియాల్లో ఎక్కువగా కనిపించేది ఆకుపచ్చని కబొంబ కరోలినియానా. దక్షిణ అమెరికాలోని దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే, ఈశాన్య అర్జెంటీనాల్లో సహజంగా పెరుగుతుంది, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోనూ ఉంది. మెత్తని, కొంచెం ఆమ్ల గుణం ఉన్న, మరీ వేడెక్కని నీళ్ళు దీనికి ఇష్టం. ఎర్రని కబొంబ ఫుర్కాటా ఇంకా సుకుమారం. బలమైన వెలుగు, కలిపిన బొగ్గుపులుసు వాయువు, ఇనుము మూడూ లేనిదే ఎరుపు నిలవదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు ఎర్ర కబొంబను అంటగట్టడం సబబు కాదు.

అంబులియా అనే పేరుతో దొరికేది ఎక్కువగా లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా. దక్షిణ, ఆగ్నేయ ఆసియా దీని స్వస్థలం. దీని దగ్గరి బంధువులు లిమ్నోఫిలా ఇండికా, లిమ్నోఫిలా హెటెరోఫిల్లా మన వరిమళ్ళలో కలుపుగా కూడా కనిపిస్తాయి. వెలుగు ఓ మాదిరిగా ఉన్నా పెరుగుతుంది, వేడిని ఓర్చుకుంటుంది, కత్తిరించిన చోట మళ్ళీ చిగురిస్తుంది. నీటి మీదికి తల ఎత్తితే దాని ఆకు పోగులు మానేసి రంపపు అంచుతో మామూలు ఆకుగా మారిపోతుంది. తెలుగు ఇళ్ళలో మొదటి ఈక ఆకు మొక్కగా దీన్నే ఎంచుకోవాలి.

మిరియోఫిల్లంలో అక్వేరియానికి పనికొచ్చే రకాలు చాలానే ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మాటోగ్రోసెన్స్ పచ్చగా, సున్నితంగా ఉంటుంది. భారత్ నుంచి ఆగ్నేయ ఆసియా దాకా పెరిగే ట్యూబర్‌క్యులేటం రాగి ఎరుపు తిరుగుతుంది. ప్యారట్ ఫెదర్ అనే ఆక్వాటికం నీటిమీదికి లేచి నీలం కలిసిన పచ్చని ఈకలు విప్పుతుంది. తొట్టి కంటే పెరటి కుండీల్లో అది అందంగా ఉంటుంది. ఆడ, మగ పూలు వేరు వేరు మొక్కలకు పూసే జాతి ఇది. సొంత నేల దాటి లోకమంతా పాకింది ఆడ మొక్కలే. అంటే విత్తనం ఊసే లేకుండా, తెగిన ముక్కల ద్వారానే ఇన్ని ఖండాలు చుట్టింది.

హార్న్‌వర్ట్, శాస్త్రనామం సెరటోఫిల్లం డెమెర్సం, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మన చెరువులు, చేపల గుంటలు, కొల్లేరు అంచుల్లో నీళ్ళు కదలని చోట తేలుతూ కనిపిస్తుంది. దీని పూలు నీటి లోపలే పూసి, పుప్పొడి నీటిలోనే ప్రయాణించి కలుస్తుంది. వేళ్ళు లేవు కాబట్టి మట్టి అక్కర్లేదు. కాడ అడుగు భాగాన్ని ఇసుకలో గుచ్చితే కొన్నాళ్ళకు కుళ్ళి తేలిపోతుంది. దాన్ని తేలనివ్వడమే న్యాయం. కఠిన జలం, వేడి, తక్కువ వెలుగు దేన్నైనా భరిస్తుంది. చోటు మారితే ముందు సూదుల్లాంటి ఆకులు రాల్చి ఫిల్టరును నింపేస్తుంది, ఆ తరువాత తేరుకుని విజృంభిస్తుంది.

వాటర్ విస్టీరియా, అంటే హైగ్రోఫిలా డిఫార్మిస్, భారత ఉపఖండపు మొక్క. గట్టు మీద ఉంటే ఆకు నిండుగా, అంచు కొద్దిగా నొక్కుకుని ఉంటుంది. నీటిలో మునిగితే లోతుగా చీలి ఫెర్న్ ఆకులా మారుతుంది. పరిసరాలను బట్టి ఆకు రూపం మార్చుకునే ఈ గుణం కోసం పరిశోధనశాలల్లోనూ దీన్ని పెంచుతున్నారు. దీని చీలికలు కబొంబ అంత సన్నగా ఉండవు, అందుకే మురికి తక్కువ పడుతుంది. గోరింట కుటుంబపు రొటాలా వాలిచీ, కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా పనిచేసిన డేన్ శాస్త్రజ్ఞుడు నథానియెల్ వాలిచ్ పేరు పెట్టుకున్న మొక్క. పొడవైన కాడ చివర గులాబి రంగు కుచ్చు, అంతకంటే అందమైన ఈక ఆకు తొట్టి మొక్కల్లో అరుదు. మెత్తని ఆమ్లపు నీళ్ళు, కలిపిన వాయువు లేకపోతే మాత్రం అది నిలవడం కష్టం. యూరప్ చెరువుల హొటోనియా చల్లని నీళ్ళ మొక్క, మన వేసవికి ఆగదు.

నీళ్ళు, వేడి

తెలంగాణ, రాయలసీమల్లో ఇళ్ళలో బోరు నీళ్ళు చాలా చోట్ల కఠినంగా, పీహెచ్ 8 దరిదాపుల్లో ఉంటాయి. ఆ పీహెచ్ దగ్గర నీటిలోని కార్బన్ దాదాపు అంతా బైకార్బొనేటు రూపంలోనే ఉంటుంది. కరిగిన వాయువుగా ఉండేది నూటికి రెండు మూడు వంతులు. బైకార్బొనేటును తినగలిగే హార్న్‌వర్ట్ అక్కడ పండుగ చేసుకుంటుంది. కబొంబ చుట్టూ అన్నీ ఉండి ఆకలితో చస్తుంది. పెంపకందారు అది గమనించక వెలుగు పెంచుతాడు, ఎరువు పోస్తాడు, చివరకు నాచు వస్తుంది. కబొంబ ఆకు రాల్చడం మొదలుపెడితే ముందు చూడాల్సింది లైటు కాదు, నీళ్ళు.

పరిష్కారం కష్టమేమీ కాదు. ఆర్వో నీళ్ళను బోరు నీళ్ళతో సగం సగం కలిపితే కాఠిన్యం సగానికి దిగుతుంది. ఉత్త ఆర్వో నీళ్ళే పోస్తే కాల్షియం, మెగ్నీషియం లేక కొత్త చిగుళ్ళు వంకర పోతాయి, కాబట్టి అదీ మంచిది కాదు. హైదరాబాదులో కృష్ణా, గోదావరి, మంజీర నుంచి వచ్చే పంపు నీళ్ళు బోరు నీళ్ళకంటే మెత్తన. వాటిలోని క్లోరిన్‌ను విరగ్గొట్టడానికి సోడియం థయోసల్ఫేటు చుక్కలు వాడాలి, లేదా బకెట్టులో ఒక రోజంతా నిలవ ఉంచాలి. తొట్టిలో వేసే గులకరాయి కూడా నీటిని కఠినం చేయగలదు. కొద్దిగా తీసి మీద నిమ్మరసమో వెనిగరో పోసినప్పుడు బుడగలు వస్తే, అందులో సున్నం ఉన్నట్టే. అలాంటిది ఈ మొక్కలకు వద్దు.

వేడి మరో సమస్య. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం 22 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం గది వేడి 35 దాటితే తొట్టి నీళ్ళు ఆ వెనకే వస్తాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ మొక్క శ్వాసకు ఖర్చు చేసే శక్తి పెరుగుతుంది, నీటిలో కరిగి ఉండే వాయువులు తగ్గుతాయి. పగలు సంపాదించింది రాత్రి తినేస్తుంది, కాడ సన్నబడుతుంది, కింది ఆకులు పసుపెక్కి రాలతాయి. తొట్టి మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరవడం వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ, రాయలసీమల పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే కోస్తాలో అంతగా పనిచేయదు. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీళ్ళే పోయాలి, లేకపోతే లవణాలు పేరుకుంటాయి. ఆ ఎండల రోజుల్లో లైటు వేళలు తగ్గించి, మొక్కను పెంచాలన్న ఆశ కంటే నిలబెట్టాలన్న పట్టుదలతో ఉండాలి.

వెలుగు, వాయువు, ఎరువు

ఏది తక్కువైతే పెరుగుదల దాని దగ్గరే ఆగుతుందని చెప్పే కనిష్ఠ సూత్రాన్ని 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు స్ప్రెంగెల్, లీబిగ్ పంటల గురించి చెప్పారు. నీటి తొట్టిలో అది కళ్ళ ముందే రుజువవుతుంది. వెలుగు పెంచితే మొక్క వాయువును ఎక్కువగా అడుగుతుంది, వాయువు ఇస్తే ఎరువు అడుగుతుంది. మొదటిది పెంచి రెండోది పెంచకపోతే మిగిలిన వెలుగు నాచు పాలవుతుంది. కొత్త తొట్టికి రోజుకు 6 గంటలు, నిలదొక్కుకున్నాక 8 గంటలు లైటు సరిపోతుంది. టైమర్ పెట్టి ఒకే వేళకు వెలిగేలా చేయడం మేలు. వెలుగు చాలకపోతే కణుపుల మధ్య దూరం పెరిగి కాడ పైకి సాగిపోతుంది, చాలినప్పుడు కణుపులు దగ్గరై ఈక ఒత్తుగా ఉంటుంది. మీటరు లేని వాళ్ళకు కణుపుల దూరమే మీటరు. కిటికీ ఎండ మీద ఆధారపడటం మన దగ్గర వేడినీ నాచునూ కలిపి పిలవడమే.

సిలిండరు నుంచి బొగ్గుపులుసు వాయువు కలిపే వాళ్ళు లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఉంచుతారు. వాయువు మోతాదును రంగుతో చూపే డ్రాప్ చెకర్ ఆకుపచ్చగా ఉంటే సరి, పసుపైతే చేపలకు ప్రమాదం. లైటు వెలగడానికి గంట ముందు మొదలుపెట్టి, లైటుతో పాటు ఆపేయాలి. రాత్రి మొక్కలూ శ్వాసిస్తాయి కాబట్టి నీటి పైభాగం కదిలేలా చూడాలి. "ద్రవ కార్బన్" పేరుతో అమ్మే సీసాల్లో ఉండేది ఎక్కువగా గ్లూటరాల్డిహైడు. హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటి నీటి మొక్కలు దానికి కరిగిపోతాయి. సన్నని ఆకుల మొక్కలున్న తొట్టిలో దాన్ని వాడకపోవడమే మంచిది.

ఎరువుల విషయంలో నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం, ఇనుము ప్రధానం. అమెరికా పెంపకందారు టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో నైట్రేటు లీటరుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 1 నుంచి 3, పొటాషియం 10 నుంచి 30 ఉండేలా వేసి, వారానికోసారి సగం నీళ్ళు మారుస్తారు. వాయువు కలపని తొట్టికి అంత అవసరం లేదు. పాత ఆకులు ముందు పసుపెక్కితే నైట్రోజన్ కొరత, కొత్త చిగుళ్ళు తెల్లబోతే ఇనుము కొరత. కఠిన జలంలో ఇనుము త్వరగా గడ్డకట్టి మొక్కకు అందకుండా పోతుంది, అందుకని కరిగిన రూపంలోనే నిలిచే కీలేటెడ్ ఇనుము వాడాలి.

డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంతో ప్రసిద్ధమైన మట్టి తొట్టి పద్ధతి ఖర్చు తక్కువది. రెండు మూడు సెంటీమీటర్ల తోటమట్టి, దాని మీద అంతే మందాన గులక. మట్టిలోని జీవ పదార్థం కుళ్ళుతూ బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా వదులుతుంది. మన దగ్గర ఈ పద్ధతికి ఎర్రమట్టి అనువైనది, ఇనుము దండిగా ఉంటుంది. సున్నపు గుళికలున్న నల్లరేగడి నీటిని కఠినం చేస్తుంది. పేడ ఎరువు, వర్మీకంపోస్టు ఎక్కువైతే అమ్మోనియా విపరీతంగా పెరిగి చేపలు చస్తాయి. హార్న్‌వర్ట్‌కు ఇవేవీ అక్కర్లేదు. అది నీటి నుంచే అంతా తీసుకుంటుంది, అందుకే మొదటి నెలలో కొత్త తొట్టిని నిలబెట్టడానికి దానికి సాటి లేదు.

నాటడం, కత్తిరించడం

కట్ట ఇంటికి తెచ్చిన వెంటనే దాని నడుముకు చుట్టిన సీసపు పట్టీని, రబ్బరు బ్యాండును, స్పాంజిని తీసేయాలి. కట్టును అలాగే గులకలో పాతిపెడితే లోపలి కాడలకు వెలుగు, నీటి కదలిక అందక కుళ్ళుతాయి. మొక్క చచ్చిందని నింద పడుతుంది గానీ చంపింది కట్టు. ఒక్కో కాడ అడుగున నలిగిన భాగాన్ని పదునైన కత్తెరతో కోసి, కింది రెండు మూడు కణుపుల ఆకులు తీసి, పట్టకారుతో వేలెడంత ఎడంగా గుచ్చాలి. అడుగు మందం 5 నుంచి 7 సెంటీమీటర్లు, గులక గింజ 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే కాడ పట్టు తప్పదు. ఆకులు తీసిన ఆ కణుపుల నుంచే వేళ్ళు వస్తాయి. నర్సరీలు చాలా రకాలను గాలిలో పెంచి అమ్ముతాయి, ఆ ఆకులు నీటిలో కరిగిపోయి కొత్తవి పోగులుగా రావడం సహజం. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, ఆ లోపు పీకి మళ్ళీ నాటడం వల్ల నష్టమే.

మొక్క నీటి అంచుకు చేరితే కింది భాగానికి నీడ పడి మొండి అవుతుంది. అంతకు ముందే కోయాలి. కొనలో ఉండే ఆక్సిన్ హార్మోను పక్క మొగ్గలను అణిచి ఉంచుతుంది. కొన కోస్తే ఆ అణచివేత పోయి, కోసిన చోట కింది కణుపుల నుంచి రెండు కొమ్మలు వస్తాయి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే పొద దట్టమవుతుంది. అంబులియా, వాటర్ విస్టీరియా దీనికి బాగా లొంగుతాయి. కబొంబను మాత్రం పై భాగాన్ని పదిహేను సెంటీమీటర్లు కోసి కొత్తగా నాటి, పాత మొదళ్ళను తీసేయడం మంచి ఫలితమిస్తుంది. పొదలో ఎప్పుడూ వెనక కాడలు పొడుగ్గా, ముందువి పొట్టిగా ఉండేలా మెట్లు మెట్లుగా కోస్తే అందం వస్తుంది. నెదర్లాండ్స్ వాళ్ళ డచ్ శైలి తొట్లలో ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా ఎక్కే మొక్కల వరుసలకు ఈ కత్తెర పనే ఆధారం. జపాన్ ఛాయాచిత్రకారుడు తకాషి అమానో (1954–2015) రాయి, చెట్టు మొదళ్ళ వెనక రొటాలాల పొదలను పెట్టి సహజ దృశ్యాలు కూర్చి, ఈ మొక్కలకు కొత్త గౌరవం తెచ్చాడు.

నాచు, నత్తలు, చేపలు

పోగుల ఆకు మురికిని వడకట్టేస్తుంది. చేపల విసర్జన, మిగిలిన మేత దాని మీద పేరుకుంటే, వెలుగూ వాయువూ అందక ఆకు మగ్గిపోతుంది, ఆపైన వెంట్రుక నాచు అల్లుకుంటుంది. ఒకసారి అల్లుకుందంటే ఈకలోంచి దాన్ని ఏరడం సాధ్యం కాదు, ఆ కాడను కోసి పారేయాలి. కాబట్టి నివారణే దారి: మెల్లని నీటి ప్రవాహం పొద గుండా సాగేలా ఫిల్టరు గొట్టాన్ని తిప్పడం, మేత తగ్గించడం, వారానికోసారి నీళ్ళు మారుస్తూ చేతితో మెల్లగా కదిపి మురికి లేపడం. అమానో రొయ్య, చెర్రీ రొయ్యలు ఆకుల మధ్య తిరుగుతూ నాచును గీరి తింటాయి. మిరియోఫిల్లం స్పైకేటం తనే నీటిలోకి పాలీఫీనాల్ రసాయనాలు వదిలి నీలి ఆకుపచ్చ నాచును అణుస్తుందని 1990లలో జర్మనీలో నిరూపించారు.

కొత్త మొక్కతో నత్తలు, హైడ్రాలు, తూనీగ పురుగులు లోపలికి వస్తాయి. పటిక కలిపిన నీటిలో రెండు మూడు గంటలు ఉంచి కడగడం వీటిని తగ్గించడానికి మంచి ఉపాయం. దళసరి ఆకులకు చెప్పే బ్లీచింగ్ స్నానాన్ని ఈక ఆకులు తట్టుకోవు. రాగి ఉన్న నత్తల మందు రొయ్యలను చంపుతుంది. చెరువు నుంచి, వరిమడి కాలువ నుంచి ఏరి తెచ్చిన మొక్కతో జలగలు, పురుగుమందుల అవశేషాలు రావచ్చు. కొద్ది వారాలు వేరే బకెట్టులో, నీళ్ళు మారుస్తూ పెంచాకే తొట్టిలో వేయాలి.

గోల్డ్‌ఫిష్‌కు కబొంబ పొద పచ్చి మేత. వాటి తొట్టికి త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ ఒక్కటే దీటుగా నిలబడుతుంది. టెట్రాలు, రాస్బోరాలు, గప్పీలు లాంటి చిన్న చేపలు సాధారణంగా మొక్కల జోలికి రావు. గుడ్లు చల్లే చేపలకు ఈ పొదలే ప్రసూతి గదులు. మన దేశపు వాగుల చేప జీబ్రా డేనియో గుడ్లు ఈకల మధ్య జారి, తల్లిదండ్రుల నోటికి అందకుండా నిలుస్తాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆకుల మీద పెరిగే సూక్ష్మజీవులు మొదటి ఆహారం. చేపలు పెంచి అమ్మే వాళ్ళు ఈ మొక్కలను ఈ పనికి కూడా వాడతారు.

నీటి మొక్క, చేప, నత్త ఒకదాన్నొకటి నిలబెట్టగలవని లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో వాలిస్నేరియా, గోల్డ్‌ఫిష్‌లతో చూపించాడు. 1853లో లండన్ జంతుశాలలో మొదటి ప్రజా అక్వేరియం తెరిచారు. అప్పటి నుంచీ నీటి మొక్కలు ఖండాలు దాటుతూనే ఉన్నాయి.

తొట్టి దాటితే

ఈ దాటడంలో చాలా నష్టం జరిగింది. హైడ్రిల్లా 1950లలో శ్రీలంక నుంచి అక్వేరియం మొక్కగా ఫ్లోరిడాకు చేరి, అక్కడి చెరువులు, కాలువలను పూడ్చేసింది. మన అంబులియా కూడా అమెరికా ప్రభుత్వపు హానికర కలుపుల జాబితాలో ఉంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన కబొంబ ఆస్ట్రేలియాలో జాతీయ ప్రాధాన్యం ఉన్న కలుపు. అర్జెంటీనా నుంచి తెచ్చిన చిన్న ముక్కు పురుగును క్వీన్స్‌లాండ్ జలాశయాల్లో వదిలి దాన్ని అదుపు చేసే ప్రయత్నం జరుగుతోంది. ఐరోపా సమాఖ్య 2016లో కబొంబ కరోలినియానాను, ప్యారట్ ఫెదర్‌ను తన నిషిద్ధ జాతుల మొదటి జాబితాలో చేర్చింది. ఇంగ్లండులో ప్యారట్ ఫెదర్ అమ్మకాన్ని 2014 నుంచే ఆపేశారు.

మన దేశంలోనూ ఇది మొదలైంది. 2020 నవంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా ఆవళ పాండిలో కాలువ పొడవునా కబొంబ ఫుర్కాటా గులాబి రంగు పూలు పూసి పరిచినట్టుంటే, చూడడానికి జనం విరగబడ్డారు. ఆ అందం కింద పోయింది ఆ కాలువ. గుర్రపు డెక్క మన చెరువులను ఏం చేసిందో తెలుగు రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఈక ఆకు మొక్కకు విత్తనం కూడా అక్కర్లేదు, రెండు ఆకులున్న ఒక కణుపు ముక్క చాలు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు, ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులు అలాంటి ముక్కకు సిద్ధంగా ఉన్న నేలలు.

కత్తిరించిన కాడలను, మార్చిన నీళ్ళను మురుగు కాలువలోకో చెరువులోకో వదలకండి. కోసిన ముక్కలను డాబా మీద ఎండలో పూర్తిగా ఎండనిచ్చి కుండీ మట్టిలో కలపండి, నీళ్ళను పెరటి మొక్కలకు పోయండి. విదేశీ కబొంబ కంటే అంబులియా, వాటర్ విస్టీరియా, హార్న్‌వర్ట్ మన నీళ్ళకూ మన వేడికీ తగినవి, వాటినే ముందు పెంచండి.